ట్రైలర్‌లో ప్రొపేన్ ఫ్రిజ్ చల్లబడకపోతే తప్పు ఎక్కడ వెతకాలి

అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కు లోపల ట్రైలర్‌కి కరెంటు కనెక్షన్ దొరికే క్యాంప్‌గ్రౌండ్ ఒక్కటే, ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్. అక్కడ చోటు దొరక్క మాడిసన్‌లోనో గ్రాంట్ విలేజ్‌లోనో దిగినవాళ్లకి ఫ్రిజ్ నడవాలంటే గ్యాసే దిక్కు. డాలస్ నుంచో బే ఏరియా నుంచో ట్రైలర్ అద్దెకు తీసుకుని బయల్దేరే తెలుగు కుటుంబాలు ఇడ్లీ పిండి, పెరుగు, పాలు, పిల్లలకి జ్యూసులు అన్నీ సర్దుకుని వెళ్తాయి. రెండో రోజు పొద్దున తలుపు తీస్తే పాలు విరిగి ఉంటాయి. ప్యానెల్ మీద చెక్ లైటు వెలుగుతూ ఉంటే కనీసం ఏదో తేడా వచ్చిందని తెలుస్తుంది. ఒక్కోసారి ఆ లైటూ వెలగదు, వెనక మంట కూడా చక్కగా మండుతూనే ఉంటుంది, చల్లదనం మాత్రం ఉండదు. అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది.

ఇలాంటప్పుడు ముందుగా వినిపించే మాట "సర్క్యూట్ బోర్డు పోయి ఉంటుంది" అని. కొత్త బోర్డు తెప్పించి బిగించడం తేలిక, అందుకే చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. కానీ బోర్డు అనేది అనుమానించాల్సినవాటిలో దాదాపు చివరిది. ఈ ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేసేది వేడితోనే. అందుకని "ఎందుకు చల్లబడటం లేదు" అని అడగడం కంటే, లోపలికి వెళ్లాల్సిన వేడి వెళ్తోందా, బయటికి పోవాల్సిన వేడి పోతోందా అని అడిగితే జవాబు త్వరగా దొరుకుతుంది. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు అవును అయి, ట్రైలర్ మట్టంగా నిలబడి ఉంటే, అప్పుడే యంత్రం లోపలి రోగం గురించి ఆలోచించాలి.

మంటతో చలి ఎలా పుడుతుంది

ఇందులో కంప్రెసర్ లేదు, మోటారు లేదు. ఉన్నవి కలిపి వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టాలు, వాటిలో సీలు చేసిన అమోనియా, నీళ్లు, హైడ్రోజన్. గొట్టాలు లోపల తుప్పు పట్టకుండా కొంచెం సోడియం క్రోమేట్ కూడా కలుపుతారు. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకుంటున్న బాల్ట్‌జర్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఎలక్ట్రోలక్స్ కంపెనీ దాన్ని కొని మార్కెట్లోకి తెచ్చింది. హోటల్ గదుల్లో చడీచప్పుడూ లేకుండా పనిచేసే మినీబార్ ఫ్రిజ్‌లు చాలావరకు ఈ జాతివే. కాబట్టి అమెరికా వెళ్లనివాళ్లు కూడా దీన్ని ఏదో ఒక హోటల్లో చూసే ఉంటారు, అబ్సార్ప్షన్ ఫ్రిజ్ అన్న పేరే తెలిసి ఉండదు.

ఫ్రిజ్ వెనక అడుగున బాయిలర్ ఉంటుంది. దానికి గ్యాస్ మంట వేడినిస్తుంది, లేదా పక్కనే గొట్టంలో దూర్చిన కరెంటు హీటర్ కడ్డీ ఇస్తుంది. ఆ వేడికి నీళ్లలో కరిగి ఉన్న అమోనియా బుడగలై, ఎసరు పొంగినట్టు సన్నటి గొట్టంలో పైకి తన్నుకొస్తూ కొంత నీటిని కూడా వెంట తీసుకెళ్తుంది. పంపు చేయాల్సిన పని ఈ బుడగలే చేస్తాయి. పైకి వెళ్లాక నీళ్లు విడిపోయి, అమోనియా ఆవిరి ఒక్కటే కండెన్సర్‌కి చేరుతుంది. అక్కడ ఫిన్నుల (గొట్టానికి అతికించిన పలుచటి రేకుల) ద్వారా తన వేడిని గాలికి వదిలి ద్రవంగా మారి, ఫ్రీజర్ వెనక గొట్టాల్లోకి జారుతుంది. అక్కడ హైడ్రోజన్ ఉంటుంది. గొట్టాల్లో మొత్తం పీడనం అంతటా ఒకటే అయినా, హైడ్రోజన్ నిండిన చోట అందులో అమోనియా వాటా చాలా తక్కువ. అందువల్ల అమోనియా అక్కడ తక్కువ ఉష్ణోగ్రతకే ఆవిరైపోతుంది, అందుకు కావాల్సిన వేడిని ఫ్రీజర్ నుంచి లాగేసుకుంటుంది. చల్లబడి బరువెక్కిన ఆ వాయువుల మిశ్రమం కిందకి దిగి, అబ్సార్బర్ చుట్టల్లో ఎదురయ్యే నీటికి అమోనియాని అప్పగిస్తుంది. తేలికైన హైడ్రోజన్ మళ్లీ పైకి, అమోనియా కలిసిన నీళ్లు మళ్లీ బాయిలర్‌కి.

ఈ తిరుగుడు అంతా పల్లం, వేడి తేడా అనే రెండింటి మీదే నడుస్తుంది. ఇందులో సామర్థ్యం తక్కువ. లోపలికి వెళ్లిన వేడిలో ఐదో వంతు నుంచి ముప్పై శాతం దాకా మాత్రమే చల్లబరిచే పనిగా మారుతుంది. 325 వాట్ల హీటర్ ఉన్న ఫ్రిజ్‌కి చల్లబరిచే శక్తి 65 వాట్ల దగ్గరే ఉండొచ్చన్నమాట. 30 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్న ఐదు లీటర్ల నీళ్లని 4 డిగ్రీలకి దించాలంటే, వేరే ఏ వేడీ లోపలికి రాకపోయినా రెండు గంటలు దాటుతుంది. ఇంట్లో పెద్ద ఫ్రిజ్‌కి అలవాటుపడ్డవాళ్లు వేడివేడి సాంబారు గిన్నెని ఇందులో పెట్టి, గంట తర్వాత ఫ్రిజ్ పాడైందంటే అది దాని తప్పు కాదు. బయల్దేరడానికి ముందు రోజే ఇంటి దగ్గర కరెంటు మీద ఆన్ చేసి, అప్పటికే చల్లబడిన సరుకునే లోపల పెట్టాలి. ఖాళీ ఫ్రిజ్ పూర్తిగా చల్లబడడానికే ఒక రాత్రి, ఒక్కోసారి దాదాపు రోజంతా పడుతుంది.

రెండు దారుల్లో ఏది మూసుకుపోయింది

ఈ ఫ్రిజ్‌లో రోగం పట్టుకోవడానికి ఉన్న పెద్ద సదుపాయం ఏంటంటే, ఒకే బాయిలర్‌కి రెండు వేడి మార్గాలు ఉండటం. గ్యాస్ మీద చల్లబడని ఫ్రిజ్‌ని కరెంటు మీద పెట్టి ఒక రాత్రంతా వదిలేయాలి. కరెంటు మీద బాగా చల్లబడితే గొట్టాల వ్యవస్థకి ఏమీ కాలేదు, తప్పు గ్యాస్ వైపే ఉంది. సిలిండర్, రెగ్యులేటర్, బర్నర్, చిమ్నీ, మంటని వెలిగించే భాగాలు, వీటిలోనే వెతకాలి. గ్యాస్ మీద బాగుండి కరెంటు మీద చల్లబడకపోతే హీటర్ కడ్డీ, దాని ఫ్యూజు చూడాలి. 120 వోల్టుల మీద నడిచే 325 వాట్ల కడ్డీకి మల్టీమీటర్‌లో 44 ఓమ్‌ల దగ్గర రావాలి. అనంతం చూపిస్తే కడ్డీ తెగినట్టే. రెండింటి మీదా చల్లబడకపోతే గాలి ఆడటం లేదు, లేదా మట్టం లేదు, లేదా గొట్టాలే పోయాయి.

ఉష్ణోగ్రత చూడటానికి చెయ్యి పెట్టి అంచనా వేయొద్దు. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టాలి. తలుపు తీసినప్పుడు లోపలి గాలి వెంటనే వేడెక్కుతుంది, నీళ్లు అంత త్వరగా వేడెక్కవు, అందుకే వాటి అంకెనే నమ్మాలి. అమెరికా ఆహార భద్రతా నియమాల ప్రకారం లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు. అంతకన్నా ఎక్కువలో రెండు గంటలకి పైగా ఉన్న పాలు, మాంసం, వండిన కూరలు పారేయాల్సిందే. ఫ్రిజ్ బాగుపడినంత మాత్రాన లోపలి కోడికూర బాగుపడదు.

మట్టం సంగతి ఇక్కడే చూసేయాలి. రసమట్టాన్ని ఫ్రీజర్ అడుగున పెట్టి చూస్తే సరిపోతుంది. ఈ రకం ఫ్రిజ్‌ల తయారీదారులు సాధారణంగా చెప్పే హద్దు, ఫ్రిజ్‌కి ఎదురుగా నిలబడితే కుడి ఎడమలకి 3 డిగ్రీలు, ముందుకి వెనక్కి 6 డిగ్రీలు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ కుడి ఎడమలు ఫ్రిజ్‌వి, ట్రైలర్‌వి కావు. ఫ్రిజ్ ట్రైలర్ పక్క గోడకి ఉంటే, దాని కుడి ఎడమలంటే ట్రైలర్ ముక్కు, తోక. అంటే ముక్కు దగ్గర జాకీని సరిగ్గా ఎత్తకపోతే ఆ 3 డిగ్రీల హద్దు దాటేది అక్కడే. వాలుగా ఉన్న ఫ్రిజ్‌లో ద్రవం గొట్టాల మడతల్లో నిలిచిపోయి బాయిలర్‌కి చేరదు, బాయిలర్ అతిగా కాలిపోతుంది. ఆ వేడికి సోడియం క్రోమేట్ గట్టిపడి గొట్టంలో అడ్డం పడుతుంది. ఒక గంట వాలుగా ఉంటే ఏమీ కనిపించదు, కానీ ఈ నష్టం ప్రతిసారీ కొంచెం కొంచెం పోగవుతుంది, దాన్ని సరిచేయలేం. రోడ్డు మీద వెళ్తున్నప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది కాబట్టి ద్రవం ఒకచోట నిలవదు. కొండ వాలులో పార్క్ చేసి రాత్రంతా వదిలేయడమే ప్రమాదం.

గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌కి కరెంటెందుకు

గ్యాస్ మోడ్‌లో పెట్టినా ఫ్రిజ్ బోర్డుకి, గ్యాస్ వాల్వుకి, నిప్పురవ్వకి 12 వోల్టుల బ్యాటరీ కరెంటు కావాలి. మోడల్‌ని బట్టి కొంచెం మారినా, పదిన్నర వోల్టుల కిందకి పడితే బోర్డు మొరాయిస్తుంది. యెల్లోస్టోన్‌లో తెల్లవారుజామున ఫ్రిజ్‌లు ఆగిపోవడానికి అసలు కారణం తరచుగా ఇదే. జూలైలో కూడా అక్కడ రాత్రిళ్లు గడ్డకట్టే చలికి దగ్గరగా వెళ్తాయి. పిల్లలకి చలేస్తుందని ఫర్నెస్ వేస్తారు. ఫర్నెస్ మంట గ్యాస్‌దే, కానీ వేడిగాలిని లోపలికి తోసే ఫ్యాన్ 7-8 ఆంపియర్లు లాగుతుంది. ట్రైలర్‌తో వచ్చే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 75-80 ఆంపియర్ అవర్లది, అందులో సగానికి మించి వాడకూడదు. రాత్రి ఎనిమిది గంటల్లో సగం సమయం ఫ్యాన్ తిరిగినా దాదాపు 30 ఆంపియర్ అవర్లు ఖర్చు. పైన లైట్లు, నీళ్ల పంపు, ఫోన్ చార్జర్లు. నాలుగింటికి వోల్టేజి పడిపోతుంది, బోర్డు ఆగుతుంది, ఫ్రిజ్ మంట ఆరిపోతుంది. ఎండ వచ్చి సోలార్ ప్యానెల్ కాస్త చార్జి చేశాక చూస్తే బ్యాటరీ బాగానే కనిపిస్తుంది, ఫ్రిజ్ మాత్రం చెక్ లైటు వేసుకుని కూర్చుంటుంది. నింద బోర్డు మీద పడుతుంది.

అందుకే మల్టీమీటర్‌ని బ్యాటరీ దగ్గర పెట్టి ఊరుకోకూడదు. ఫ్రిజ్ వెనక బోర్డుకి వైర్లు వచ్చే చోట, అది మంట వెలిగించడానికి ప్రయత్నిస్తున్న క్షణంలో చూడాలి. బ్యాటరీ దగ్గర 12.4, బోర్డు దగ్గర 10.8 వస్తే మధ్యలో ఎక్కడో తుప్పు పట్టిన కనెక్షన్, ముఖ్యంగా గ్రౌండ్ వైర్ వదులుగా ఉందని అర్థం.

ఫర్నెస్ ఇంకో పని కూడా చేస్తుంది, సిలిండర్ ఖాళీ చేస్తుంది. 20 పౌండ్ల సిలిండర్‌లో దాదాపు 4,30,000 బీటీయూల (వేడిని కొలిచే అమెరికా కొలత) శక్తి ఉంటుంది. ఫ్రిజ్ బర్నర్ ఆగకుండా మండినా గంటకి సుమారు 1,500 బీటీయూలే కాబట్టి ఆ లెక్కన పదిరోజులు దాటాలి. ఫర్నెస్ మాత్రం గంటకి ఇరవై, ముప్పై వేల బీటీయూలు మింగుతుంది. "నిన్ననే నింపాం" అన్న మాట నమ్మకుండా సిలిండర్‌ని ఎత్తి చూడటం మంచిది.

గ్యాస్ వస్తోందా అన్నది తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, స్టవ్ వెలిగిస్తే చాలు. మంట గట్టిగా, నీలంగా నిలబడితే గ్యాస్ వస్తున్నట్టే. కొత్త సిలిండర్ పెట్టాక పైపుల్లో చేరిన గాలి కూడా ముందు స్టవ్ దగ్గరే బయటికి పోతుంది, లేకపోతే ఫ్రిజ్ సన్నటి పైపులో ఆ గాలి పోవడానికి నాలుగైదు ప్రయత్నాలు పడతాయి. మంట చిన్నగా, నీరసంగా ఉంటే వాల్వుని ఒక్కసారిగా తిప్పి ఉంటారు. అమెరికా సిలిండర్ కనెక్షన్లలో, ఎక్కడో పైపు తెగిందేమో అన్నట్టు ప్రవాహాన్ని బిగపట్టే ఏర్పాటు ఉంటుంది. వాల్వు జోరుగా తెరిస్తే అది పనిచేసేస్తుంది. గ్యాస్ పరికరాలన్నీ ఆపి, వాల్వు మూసి, కాసేపు ఆగి నెమ్మదిగా తెరిస్తే సర్దుకుంటుంది.

రెగ్యులేటర్ దాటాక పీడనం 11 అంగుళాల నీటి ఎత్తుకి సమానంగా ఉండాలి. మన ఇళ్లలో 14.2 కిలోల సిలిండర్ మీద పెట్టే రెగ్యులేటర్ ఇచ్చేదీ ఇంచుమించు ఇంతే, కాబట్టి ఇదేదో ప్రమాదకరమైన పెద్ద పీడనం అని భయపడక్కర్లేదు. కానీ దీన్ని పీడనం కొలిచే మానోమీటర్‌తో, ఇంకో పరికరం కూడా మండుతుండగా కొలవాలి. ఆ పని గ్యాస్ టెక్నీషియన్‌కి వదిలేయడమే మేలు. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే ట్రైలర్‌లో గ్యాస్ అలారం నేలకి దగ్గరగా ఉంటుంది. లీక్ చూడటానికి సబ్బు నురుగు చాలు, అయితే అమోనియా కలిపిన క్లీనర్లు వాడకూడదు, అవి ఇత్తడిని తినేస్తాయి.

బర్నర్ దగ్గర

బయటి గోడకున్న కింది వెంటు (గాలి ఆడే కన్నం) మూత తీస్తే లోపల ఒక చిన్న రేకు డబ్బా కనిపిస్తుంది, దాన్ని స్క్రూ విప్పి తీస్తే బర్నర్. చిటికెన వేలంత గొట్టం, పైన సన్నటి గీతలు, ఆ గీతల మీద నిప్పురవ్వ వేసే ఎలక్ట్రోడ్. గ్యాస్ మోడ్‌లో ఆన్ చేసినప్పుడు ఒక క్రమం వినిపించాలి. వాల్వు తెరుచుకున్న "టక్" శబ్దం, వెంటనే టిక్ టిక్ టిక్ అని నిప్పురవ్వలు, తర్వాత మంట అంటుకుని నిలబడిన సన్నటి హోరు. ఏది వినిపించలేదో దాన్నిబట్టి తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. టక్ లేదంటే కరెంటు లేదు లేదా వాల్వు పోయింది. టక్ ఉంది, టిక్ టిక్ లేదంటే ఎలక్ట్రోడ్ పగిలి ఉంటుంది, లేదా దాని వైరు. ఎలక్ట్రోడ్‌కి, బర్నర్‌కి మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రెండూ వినిపించి మంట రాకపోతే గ్యాస్ రావడం లేదు. మంట వచ్చి కొన్ని సెకన్లకే ఆరిపోతే, మంట ఉందన్న సంగతి బోర్డుకి తెలియడం లేదు. చాలా మోడళ్లలో అదే ఎలక్ట్రోడ్ మంటని కనిపెడుతుంది, కాబట్టి దాని మీద మసి, లేదా గ్రౌండ్ తుప్పు. పాత మోడళ్లలో మంట వేడికి కొంచెం వోల్టేజి పుట్టించే థర్మోకపుల్ ఉంటుంది, అది వేడెక్కాక 25 నుంచి 35 మిల్లీవోల్టులు ఇవ్వాలి. సాధారణంగా మూడు విఫల ప్రయత్నాల తర్వాత బోర్డు తాళం వేసుకుని చెక్ లైటు వెలిగిస్తుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తేగానీ మళ్లీ ప్రయత్నించదు.

వెలిగే మంట రంగు చాలా చెబుతుంది. నీలంగా, గట్టిగా, బర్నర్‌కి అంటుకుని ఉండాలి. పసుపుగా, మెత్తగా ఊగుతుంటే గాలి సరిగ్గా కలవడం లేదు. కారణం తరచుగా పురుగులే. ప్రొపేన్‌కి వాసన కోసం కలిపే పదార్థం సాలీళ్లని, మట్టిగూళ్లు కట్టే కందిరీగల్ని ఆకర్షిస్తుందని ట్రైలర్ మెకానిక్కులు చెబుతారు. వాసన సంగతి ఎలా ఉన్నా, చలికాలమంతా వాడకుండా వదిలేసిన ట్రైలర్ బర్నర్‌లో సాలెగూడు ఉండటం మాత్రం మామూలే.

శుభ్రం చేయాలంటే ముందు సిలిండర్ మూసి, అన్నీ చల్లబడనివ్వాలి. చిమ్నీ లోపల మెలితిప్పిన రేకు ఒకటి తీగకి వేలాడుతూ ఉంటుంది. బర్నర్ నుంచి వచ్చే వేడిగాలిని గోడలకి రాసుకుంటూ వెళ్లేలా చేసేది అదే. దాన్ని పైనుంచి తీసి దులిపితే తుప్పు పెచ్చులు, మసి జల్లున రాలతాయి. కింద బర్నర్ మీద గుడ్డ కప్పకుండా ఈ పని చేస్తే, అప్పటిదాకా లేని సమస్య కొత్తగా మొదలవుతుంది. తిరిగి పెట్టేటప్పుడు ఎంత ఎత్తులో వేలాడిందో అంతే ఎత్తులో పెట్టాలి, లేకపోతే వేడి బాయిలర్‌కి కాక పైకప్పుకి పోతుంది. మంట బాగానే కనిపిస్తున్నా ఫ్రిజ్ నీరసంగా ఉందంటే, ఈ రేకు జారిపోయి కింద పడి ఉందేమో చూడాలి.

బర్నర్‌లోకి గ్యాస్‌ని వదిలే జెట్ అసలు ప్రాణం. వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే కనిపించీ కనిపించనంత చిన్న రంధ్రం. దీన్ని పిన్నుతోనో తీగతోనో పొడవకూడదు, రంధ్రం కొంచెం పెద్దదైనా మంట పసుపై మసి పడుతుంది, ఆ జెట్ ఇక పనికిరాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, తీసి, గాలికి ఆరనివ్వాలి. పది డాలర్లు కూడా ఖర్చు కాని ఈ పని చేయకుండా బోర్డు మార్చడం దండగ.

ఎత్తు సంగతి మర్చిపోకూడదు. తయారీదారుల మాన్యువళ్లే 5,500 అడుగుల పైన గ్యాస్ మీద చల్లదనం తగ్గొచ్చని, మంట ఆరిపోవచ్చని హెచ్చరిస్తాయి, వీలైతే కరెంటుకి మారమంటాయి. ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఎత్తు 7,700 అడుగులకి పైనే, అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో ముప్పావు వంతు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ కూడా 7,000 అడుగుల దగ్గర. డాలస్‌లో నిక్షేపంలా పనిచేసిన ఫ్రిజ్ అక్కడ మొండికేస్తే, అది కిందకి దిగాక మళ్లీ మామూలైపోవచ్చు. అటువంటి చోట్ల బర్నర్ శుభ్రంగా ఉండటం మామూలుకన్నా ఎక్కువ అవసరం.

వేడి బయటికి పోకపోతే

మంట బాగుంది, కానీ ఫ్రిజ్ నీరసంగా ఉంది. ఇలాంటప్పుడు వెనకవైపు చూడాలి. కింది వెంటు నుంచి చల్లగాలి లోపలికి వచ్చి, ఫిన్నుల్ని రాసుకుంటూ వేడెక్కి పైకప్పు మీది వెంటు నుంచి బయటికి పోవాలి. పైన పిట్టగూడు ఉంటే ఈ ప్రవాహం ఆగిపోతుంది. ఫ్రిజ్ వెనక, గోడకి మధ్య ఖాళీ ఎక్కువగా వదిలేసి బిగించినా అంతే, గాలి ఫిన్నుల్ని తాకకుండా ఖాళీ చోటు నుంచి పోతుంది. ఫ్యాక్టరీ నుంచే ఇలా వచ్చిన ట్రైలర్లకి రేకు అడ్డం పెట్టి గాలిని ఫిన్నుల వైపు మళ్లిస్తే, పదేళ్లుగా "కొంచెం వీక్" అనిపించిన ఫ్రిజ్ కూడా తేరుకుంటుంది. బయటికి జరిగే స్లైడ్‌అవుట్‌లో ఫ్రిజ్ ఉంటే పైకప్పు వెంటు ఉండదు, రెండు వెంట్లూ పక్క గోడకే ఉంటాయి. వాటిలో గాలి చిన్న ఫ్యాన్ల మీద ఆధారపడుతుంది, ఆ ఫ్యాన్లు చడీచప్పుడు లేకుండా చచ్చిపోతాయి. ఫీనిక్స్ ఎండల్లో ఫ్రిజ్ ఉన్న గోడ పడమర ఎండకి కాలిపోతుంటే ఏ మరమ్మతూ పెద్దగా పనిచేయదు, ఆ గోడకి ఎండ తగలకుండా ట్రైలర్‌ని తిప్పి నిలపడమే మందు.

లోపలివైపు సమస్యలు చిన్నవి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగితే పట్టు తెలియాలి, సులువుగా జారితే అక్కడ వేడిగాలి దూరుతోంది. ఫ్రిజ్ లోపలి ఫిన్నులకి తగిలించిన, ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్ ఊడిపోతే బోర్డుకి తప్పుడు లెక్క వెళ్తుంది. దాన్ని మంచు నీళ్లలో ముంచి కొలిస్తే ఎక్కువ మోడళ్లలో 7,000 నుంచి 10,000 ఓమ్‌ల మధ్య రావాలి. అరల మీద ట్రేలు, అల్యూమినియం ఫాయిల్ పరిచి గాలికి దారి లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు, అలాంటివాళ్లకి చెప్పాల్సింది ఏమీ లేదు, అవి తీసేస్తే చాలు.

ఇక గొట్టాలే పోయినప్పుడు

బాయిలర్ వేడెక్కింది, గాలి ఆడుతోంది, మట్టం బాగుంది, ఒక రాత్రి గడిచినా ఫ్రీజర్ గదిలాగే ఉంది. బాయిలర్ భగ్గుమంటున్నా కింది అబ్సార్బర్ చుట్టలు చల్లగానే ఉన్నాయంటే ద్రవం తిరగడం లేదు, ఎక్కడో అడ్డం పడింది. ఫ్రిజ్ వెనక పసుపు రంగు పొడి కనిపించినా, అమోనియా ఘాటు ముక్కుకి తగిలినా లీక్ ఖాయం. ఆ పసుపు రంగు లోపలి సోడియం క్రోమేట్‌ది, విషపూరితం, చేత్తో ముట్టకూడదు. అప్పుడు ఫ్రిజ్ ఆపి, గ్యాస్ మూసి, కిటికీలు తెరవాలి. లోపలి హైడ్రోజన్, అమోనియా రెండూ మండేవే, పీడనం చదరపు అంగుళానికి వందల పౌండ్లు. ఇవి ఊహించుకున్న భయాలు కావు. బాయిలర్ గొట్టంలో పగుళ్ల వల్ల మంటలు అంటుకోవచ్చని 2006లో ఈ ఫ్రిజ్‌లు తయారుచేసే డొమెటిక్ కంపెనీ తొమ్మిది లక్షలకి పైగా ఫ్రిజ్‌లకి రీకాల్ (లోపం సరిచేయడానికి వెనక్కి పిలవడం) ప్రకటించింది. 2010లో ఇంకో తయారీదారు నార్‌కోల్డ్ 1200 సిరీస్ ఫ్రిజ్‌లకి రీకాల్ వచ్చింది. పాత ట్రైలర్ కొనేటప్పుడు బండి నంబరుతో పాటు ఫ్రిజ్ లోపలి పలక మీది మోడల్, సీరియల్ నంబర్లతో కూడా రీకాల్ చూసుకోవాలి, ఎందుకంటే ఈ రీకాల్‌లు ఫ్రిజ్ పేరు మీద ఉంటాయి.

అడ్డం పడిన ఫ్రిజ్‌ని బయటికి తీసి తలకిందులు చేసి కొన్ని గంటలు ఉంచితే బాగవుతుందనే పాత చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. ద్రవం ఎక్కడో ఇరుక్కుని ఉంటే అప్పుడప్పుడు తాత్కాలికంగా పనిచేస్తుంది, గట్టిపడిన క్రోమేట్‌ని మాత్రం ఏమీ చేయలేదు. అంత బరువుండే ఫ్రిజ్‌ని నడుము విరగ్గొట్టుకుని తిప్పేంత విలువ ఆ చిట్కాకి లేదు.

తర్వాత మిగిలే దారులు రెండు. వెనక గొట్టాల యూనిట్‌ని ఒక్కదాన్నే మార్చడం మొదటిది. తిరిగి తయారుచేసిన యూనిట్లు అమ్మే దుకాణాలు అమెరికాలో ఉన్నాయి, పని ఒక రోజుది. రెండోది, అదే చోటులో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టడం. కొత్త ట్రైలర్లు చాలావరకు ఇటే మళ్లాయి. అది త్వరగా చల్లబడుతుంది, మట్టం గొడవ లేదు, ఎత్తు గొడవ లేదు. కానీ రోజుకి పదుల ఆంపియర్ అవర్లు లాగుతుంది కాబట్టి లిథియం బ్యాటరీ, సోలార్ ప్యానెళ్లు లేకుండా యెల్లోస్టోన్‌లో నాలుగు రోజులు గడపడం కుదరదు. కరెంటు ఉన్న క్యాంపుల్లోనే దిగేవాళ్లకి కంప్రెసరే మేలు. అడవిలో వారం రోజులు ఉండేవాళ్లకి, సిలిండర్‌తో పదిరోజులు నడిచే పాత పద్ధతే ఇప్పటికీ చవక. కంప్రెసర్ ఫ్రిజ్ బిగించేటప్పుడు పాత గ్యాస్ పైపు చివరకి ఇత్తడి ప్లగ్ బిగించి, వాల్వు తెరిచి, సబ్బు నురుగుతో చూసుకున్నాకే కొత్త ఫ్రిజ్‌ని లోపలికి తోయాలి, ఒకసారి అది చోటులో కూర్చున్నాక ఆ పైపు చివర చెయ్యి పట్టదు.